దేవకమ్మ గేటు

శానిటరీ ఇన్‌స్పెక్టర్ మాధవ్ గారికి, మూడో వీధి దేవకమ్మ నమస్కారం చేసి రాసేది.

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ముళ్లకంప మనిషెత్తు పెరిగి ఉండాది. మొన్న ఒక పాము మా స్నానాల గదిలోకొచ్చి తీరిగ్గా పడుకోనుండాది. మా కూతురు రమణికి తొలికాన్పు, పురిటికి పిలుచుకురావాల. "ఆ పాముల కొంపకి కోడల్ని పంపను" అంటా ఉండాది చేజర్లలో మా వియ్యపురాలు. స్థలం ఆసామి బర్కతుల్లా, ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తాడు. నేనడిగితే పోట్లాటవతాది, గవర్నమెంటు అడిగితే మర్యాదగా ఉంటాది. ఆయన ఫోన్ నంబరు వెనకాల రాసినాను.

ఇట్లు, దేవకమ్మ

తా.క. పాము పోయింది. భయం పోలేదు.

---

శ్రీమతి దేవకమ్మ గారికి,

మీ ఫిర్యాదు అందినందుకు సంతోషం. యజమానికి ఫోన్ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. స్థలంలో నోటీసు అంటించి ఫోటో తీయాలి. మా సిబ్బంది వచ్చారు. స్థలానికి గోడ లేదు. లోపలికి వెళ్దామంటే పాములున్నాయని మీరే రాశారు. అందుచేత దగ్గర్లో ఉన్న మీ గేటుకు అంటించి ఫోటో తీసుకున్నారు.

భవదీయుడు, మాధవ్

తా.క. నోటీసు చింపడం నేరం.

---

అయ్యా మాధవ్ గారూ, మీరు చల్లగా ఉండాల.

"కంప పెంచి ప్రజలకు ఇబ్బంది కలిగించుచున్న యజమానికి హెచ్చరిక" అని నా గేటు మీద ఉంటే జనం ఏమనుకుంటారు? స్థలం ఎంతకిస్తావని ఇద్దరు బేరానికొచ్చినారు. వియ్యపురాలు చూసి "కంప పెంచేది నువ్వేనా వదినా!" అని కాఫీ అన్నా తాగకుండా పోయింది. నాకు ఏడుపొచ్చేసింది. మీ నిబంధనల కోసం కాన్పు ఆగతాదా? సిగ్గిడిచి నేనే బర్కతుల్లాకి ఫోన్ చేసినాను. "అయ్యో అక్కా, నాకెవురూ చెప్పలేదే!" అని మర్నాడే మనుషుల్ని తెచ్చి మొత్తం కొట్టించినాడు. రమణి వచ్చేసింది. ఇంక ఆ నోటీసు తీయించండి.

దేవకమ్మ

తా.క. ఆయన రెండు గరిటెలు కూడా ఇచ్చిపోయినాడు. మీకొకటి పంపేదా?

---

ఆదర్శ యజమాని దేవకమ్మ గారికి అభినందనలు.

ఈ ఏడాది మేం అంటించిన నోటీసుల్లో ఫలితమిచ్చింది మీ గేటు మీదిదొక్కటే. మిగతాచోట్ల ఒక్క కొమ్మ కదల్లేదు. కాబట్టి ఇకమీదట ఊళ్లోని నోటీసులన్నీ మీ గేటుకే అంటించాలని పైవారు నిర్ణయించారు.

సదా మీ సేవలో, మాధవ్

తా.క. చోటు చాలదు. గేటు కాస్త పెద్దది చేయించుకోగలరు.

---

మాధవ్ నాయనా,

మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా బాగుండారు. వియ్యపురాలు ఇప్పుడు కాఫీ రెండుసార్లు తాగతా ఉండాది.

మీకు శ్రమెందుకని గేటు ఊడబెరికించి, మా వీధి శీనయ్య ఆటోలో మీ ఆఫీసుకే పంపిస్తా ఉండాను. నోటీసు చింపితే నేరమన్నారు గదా, దాన్ని ముట్టుకోలేదు.

ఉంటాను, దేవకమ్మ

తా.క. మీ ఆఫీసు వెనకాల కంప మా పక్క స్థలం కంటే ఏపుగా ఉండాదంట, శీనయ్య చెప్పినాడు. గేటుని అక్కడే ఆనించి, ఫోటో తీసుకోని రమ్మన్నాను.