సోమవారం గోళ్ళ ఫొటో

బుధవారం, మధ్యాహ్నం

వదినకు మరిది నమస్కరించి రాయునది. నేను బాగున్నాను. నువ్వూ, ముక్కు మీద కోపంతో తిరిగే మా అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. రంపం కింద నా కుడిచెయ్యి పోయి రెండేళ్ళు, ఎవరో పుణ్యాత్ముడి చెయ్యి నాకు అతికించి ఏడాది. ఆ చేత్తో ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. కోడి కెలికినట్టున్నా సర్దుకుని చదువు.

పని సాగుతోంది. మొన్న ఒక తలుపుకు బందులు బిగిస్తుంటే స్క్రూ జారింది. నేను చూసుకునేలోపే ఆ వేళ్ళు పట్టేసుకున్నాయి. అక్కడే చతికిలబడి ఏడ్చాను, సంతోషంతోనే. ఇంటాయన మాత్రం తలుపు పాడైందేమోనని కంగారుపడ్డాడు.

పోయిన నెల వచ్చినప్పుడు గోళ్ళ మీద అడ్డంగా ఆ గీతలేమిటని అడిగావు, జిగురు మరకలన్నాను. కొత్త చెయ్యి ఒంటికి గిట్టకపోతే ఆ సంగతి ఒక్కోసారి గోళ్ళలోనే ముందు తెలుస్తుందట. అందుకే ప్రతి సోమవారం వాటి ఫొటో పంపమని ఆస్పత్రి నర్సమ్మ నా ప్రాణం తోడేస్తుంది. మొన్నటి ఫొటో చూసి, నాకంటే నీ గోళ్ళే నున్నగా ఉన్నాయే, రంగేసుకున్నావా అని నవ్వింది. కాబట్టి బెంగపెట్టుకోకు.

ఇట్లు,
నీ చేతి అన్నం తిని ఇంతవాడైన
మరిది

తా.క.: రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది. అవి జిగురు మరకలు కావు వదినా. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ ప్రతి సోమవారం గోళ్ళను గరుకు కాగితంతో రుద్ది, పైన ఒక పూత వార్నిష్ వేసి ఫొటో తీస్తున్నాను. బల్ల మీద గీత పడితే ఏం చేస్తానో అదే చేశాను. తెలిస్తే చెయ్యి తీసేస్తారని భయం.

ఈ పొద్దున బొటనవేలి గోరు మొదట్లో పైకి లేచింది. మణికట్టు మీద ఎర్రటి మచ్చలు. నర్సమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. మొదటి గీత కనపడ్డప్పుడే చెబితే మందులు మార్చి చూసేవాళ్ళమంది. ఇప్పుడు డాక్టరు చూస్తేగానీ చెయ్యి నిలుస్తుందో లేదో చెప్పలేనంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రేపు పొద్దున్నే వచ్చేయమంది.

నీకు ఫోనులో చెబుదామని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. మీవైపు వస్తున్న లారీ డ్రైవరుకు ఈ ఉత్తరం ఇస్తున్నాను, సాయంత్రానికి అందుతుంది. రేపు పొద్దున నేనెక్కే ఏడింటి బస్సు మీ ఊరి మీదుగానే వెళ్తుంది. ఎక్కు వదినా. ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయంగా ఉంది.