బండి ఎక్కకముందు

స్వరూప టీచర్‌కు నమస్తే,

జరిగిపోయిన ముచ్చటను ఇంగ్లీషుల ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్తే వినేటోళ్లకు కండ్ల ముందట కనవడ్తదని మా ఇంద్రజకు మీరు నేర్పినరట. కథల పోటీకి పిల్ల వాళ్ల బాపు చనిపోయిన దినం ముచ్చట రాసుకున్నది. రోజూ ఇంట్ల చదివి, నాకు తెలుగుల చెప్తున్నది. "బాపు చాయ్ తాగుతున్నడు. బండి తాళం తీసుకుంటున్నడు."

నిన్న ఆ తాళం మాట వినంగనే పొయ్యికాడ నిలవడి "పోకు!" అని ఒర్రిన. పిల్ల బిత్తరపోయింది.

మొదలు మీతోని లొల్లి పెట్టుకుందామనుకున్న. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్న. చాంద్రాయణగుట్ట కాడ లారీ గుద్దినదాక కథ ఉన్నదట. అంతదాక పోనియ్యకుండ్రి. చాయ్ కాడనే ఆపుమనుండ్రి. ముగింపు లేదని మార్కులు తీస్తే తీయుండ్రి.

ఇంద్రజ వాళ్ల అమ్మ,
జల్‌పల్లి