పైలైనులో నీ ఇంటి నంబరు

రత్నం,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పత్రిక వెబ్‌సైట్లో మిర్చి, పత్తి రేట్లు ఇంకా నువ్వు రాసిన కంప్యూటర్ స్క్రిప్టుతోనే వస్తున్నాయి. రోజూ మారే రేట్లను వేరియబుల్స్‌గా పెట్టావు. రైతులు ఫోన్ చేయాల్సిన నంబరుకు మాత్రం ఒక పేరు పెట్టి, మారని కాన్‌స్టంట్‌గా, స్క్రిప్టులో అన్నిటికన్నా పైలైనులో రాశావు. అది నీ ఇంటి నంబరు.

"ఏరా, మారనిదానికి మళ్లీ ఒక పేరెందుకు?" అని ఎగతాళి చేశాను.

"ఎప్పుడన్నా మార్చాల్సొస్తే పేజీ పేజీకీ తిరుగుతావా? ఇక్కడ ఒక్క లైను మారిస్తే చాల్రా," అన్నావు.

నువ్వు లేకపోయినా రైతులు ఆ నంబరుకే చేస్తున్నారు. సువార్త పొద్దున్నే నన్నడిగి గుంటూరు యార్డు రేట్లు తెలుసుకుని, అడిగినవాళ్లందరికీ చెబుతోంది. నీ భార్యకు ఈ చాకిరీ ఎందుకులే అనుకుని, నిన్న ఆ లైనులో ఆఫీసు నంబరు పెట్టాను. అన్ని పేజీల్లోనూ ఒకేసారి మారింది. అంత తేలిక పని కాబట్టి ఆమెను ఒకమాట అడగాలని కూడా తోచలేదు.

ఈ సాయంత్రం సువార్త ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పొద్దుటినుంచి ఒక్క ఫోనూ రాలేదు. లైను పోయిందనుకున్నా, నీకు కలిసింది. రోజూ రేటడిగే చిలకలూరిపేట బాబాయి కూడా చేయలేదు. నేనేమన్నా రేటు తప్పు చెప్పానా?"

"లేదమ్మా," అన్నాను.

ఫోన్ పెట్టేసి నీ ఇంటి నంబరు మళ్లీ చేర్చాను. అది తీసేసింది నేనేనని మాత్రం ఆమెకు చెప్పలేదు.