కుడి చివర బిగించిన వైస్

నాయినా,

ఇవాళ నీ బల్లకు వైస్ బిగించాను. మిర్యాలగూడలో పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికితే, బస్సులో ఒళ్లో పెట్టుకుని హుజూర్‌నగర్ తెచ్చాను. చెక్కను కదలకుండా కరిచిపట్టే దవడలకు పట్టిన తుప్పు కిరోసిన్‌తో రుద్దితే పోయింది.

బతుకంతా నేల మీద కూర్చుని, చెక్కను కాలి వేళ్లతో అదిమిపట్టి కోశావు. మోకాళ్లు పనిచేయనన్నాక, నిలబడి కోసుకోవడానికి ఈ బల్ల చేసుకున్నావు. "దీనికొక్క వైస్ ఉంటే సాలురా, ఇంకో పదేండ్లు పని చేస్త" అనేవాడివి. ఆ బల్ల మీద ఒక్క తలుపు కూడా చేయకుండానే పోయావు.

బల్ల కుడి చివర బోల్టులన్నీ బిగించాక, చెక్క పెట్టి రంపం ఆడించాను. కుడి మోచేయి పోయి పక్క గోడకు కొట్టుకుంది. చప్పుడు విని అమ్మ వచ్చింది.

"గాడెందుకు పెట్టినవ్‌రా? ఎడమచేతి వాటం మీ నాయినది, నీది కాదు గదా" అంది.

కొలత తీసేటప్పుడు గానీ, రంధ్రాలు వేసేటప్పుడు గానీ నాకది తట్టనేలేదు. నువ్వు నిలబడే చోటు చూసుకునే బిగించాను.

"విప్పి ఇటు పెట్టుకో" అంది అమ్మ.

స్పానర్ తీసుకుని వంగాను. అమ్మ మాత్రం వైస్ పిడి మీద చెయ్యి వేసి, పక్కకు జరగలేదు.

"ఇయ్యాల్టికి ఉండనియ్యిరా" అంది.