నీ ఆకులో కారం

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ఈ మాట చెప్పేదాన్ని కాదు.

గుండెల్లో మంటగా ఉంది, కూరలో కారం తగ్గించమని నువ్వు అడిగావు. మిరప పండించే ఇంట్లో చప్పటి కూర ఏందని నేను కసిరాను. నీ ఒక్కదానికి విడిగా వండటం నాకు బరువనిపించింది. "గ్యాస్ బిళ్ళ వేసుకో అత్తా, అదే సర్దుకుంటది" అన్నాను. డాక్టరు రెండు వారాలకు రాసిన బిళ్ళను మళ్ళీ నిన్ను ఏ డాక్టరుకీ చూపించకుండా మందుల షాపులో కొనితెచ్చి, ఎనిమిదేళ్ళు పరగడుపున నీ చేతిలో పెట్టాను. మంట తగ్గింది. నువ్వు మళ్ళీ కారం మాట ఎత్తలేదు.

మంచం మీంచి లేస్తూ జారి కింద కూర్చున్నావు. అంతమాత్రానికే తుంటి విరిగింది. వయసుకి ఎముకలు గుల్లబారతాయని, అన్నేళ్ళు ఆ బిళ్ళ వాడటం కూడా ఒక కారణం కావచ్చని నరసరావుపేట డాక్టరు నాతో అన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు మంచాన ఉండి, పోయావు.

ఇవాళ సంవత్సరీకానికి వంకాయ కూరలో కారం సగమే వేశాను. రాజుపాలెం నుంచి వచ్చిన నీ కూతురు కూర రంగు చూసి అందరి ముందూ అడిగింది.

"ఏంది వదినా, మా అమ్మకి రోగిష్టి కూడు పెడతావా? చానా కారం తినేది గదా, నీకు తెలవదా?"

"తెలుసు" అన్నాను.

గిన్నె లోపలికి తీసుకెళ్ళి మరో రెండు చెంచాల కారం కలిపి, నీ ఫోటో ముందు ఆకులో వడ్డించాను.