చెరకు బండి స్టార్టవలేదు

ద్వారకా నగర్, సోమవారం

ప్రియమైన త్రినాథ్ బావకి,

చేతుల వణుకు తగ్గిందని, రెండు పూటలా తింటున్నావని గురువమ్మ చెప్పింది. మీ మందు మాన్పించే సెంటరులో ఫోన్లు ఇవ్వరట కదా. అక్కడ వంటకి రోజూ వెళ్లొచ్చే ఆమే దిక్కని, ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను.

నువ్వు వెళ్లిన మర్నాటి నుంచీ మన చెరకు రసం బండి ఇంజిను స్టార్టవడం లేదు. తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి. మంచి ఎండల్లో కోచింగు పిల్లలు వచ్చి చూసి వెళ్లిపోతున్నారు. ఇంకో వారం ఇలాగే ఉంటే మన జాగాలో వేరే బండి పెట్టేస్తారు. మెకానిక్ వీర్రాజు ఊళ్లో లేడు. నాకేం తోచడం లేదు బావా, ఏం చెయ్యాలో చెప్పు.

నిన్ను దింపిన రోజు నేనన్న మాట గుర్తుందిగా? తాగుడికంటే నీ అబద్ధాలకే నా మనసు విరిగింది. ఇంకొక్కటి ఆడావా, నీ దారి నీది, నా దారి నాది.

నీ కుసుమ

సబ్బవరం, మంగళవారం

ప్రియమైన కుసుమకి,

నీ బొబ్బల సంగతి చదివి అన్నం సయించలేదు. ముందు స్పార్కు ప్లగ్గు విప్పు. మసి పట్టి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్ది బిగించు. చోక్ మీట మూసి రెండుసార్లు, సగం తెరిచి రెండుసార్లు తాడు లాగు. ఒక్క ఊపున లాగాలి, ఆవు పాలు పితికినట్టు కాదు! ట్యాంకులో పెట్రోలు ఉంది, దాని జోలికి పోకు.

నీ త్రినాథ్

ద్వారకా నగర్, బుధవారం

బావా,

అన్నీ చేశాను. ప్లగ్గు దగ్గర నీలం నిప్పురవ్వ కూడా కనిపించింది. ఇంజిను మాత్రం ఉలకదు, పలకదు. పక్కన బోండాలమ్మే జోగమ్మ, "ఏటే కుసుమా, పొద్దున్నించీ ఆ తాడే లాగతన్నావు, సేతులూడిపోతాయే" అంది. ఆ మాటకి బండి మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. జనం చూస్తున్నా సిగ్గనిపించలేదు. తెచ్చిన చెరకంతా ఎండిపోయింది. ఇంకేం చెయ్యను?

కుసుమ

సబ్బవరం, గురువారం

కుసుమకి,

గాలి ఫిల్టరు కడుగు. కొత్త ప్లగ్గు వేసి చూడు. అప్పటికీ కాకపోతే డాక్టరుగారిని బతిమాలుకుని నేనే వచ్చి బాగుచేస్తాను.

నీ త్రినాథ్

ద్వారకా నగర్, శుక్రవారం

బావా,

నువ్వు రావద్దు. ఆ గేటు నుంచి మన ఇంటికి దారిలో ఎన్ని మందు షాపులున్నాయో నాకు తెలుసు.

ఫిల్టరు కడిగాను. కొత్త ప్లగ్గు వేశాను. నువ్వు చెప్పినవన్నీ అయిపోయాయి. చెప్పనిది ఏమైనా ఉందా? నీ కాళ్లు పట్టుకుంటాను, ఉంటే చెప్పు.

కుసుమ

సబ్బవరం, సోమవారం

కుసుమా,

రెండు రోజులు కలం కదల్లేదు. కార్బొరేటర్ కింద గిన్నెలాంటిది ఉంటుంది. దాని అడుగు బోల్టు విప్పి, కారేది గాజు సీసాలో పట్టు. పైన తేలేది పెట్రోలు, అడుగున చేరేది నీళ్లు.

ఆ నీళ్లు పోసింది నేనే. ఇక్కడికి వచ్చే ముందు రోజు ట్యాంకులో సగం పెట్రోలు తీసి అమ్ముకుని తాగాను. నువ్వు చీపురు పుల్ల ముంచి మట్టం చూస్తావు కదా, తగ్గినట్టు తెలియకూడదని నీళ్లు కలిపాను. నీ మొదటి ఉత్తరం చదవగానే సంగతి అర్థమైంది. అయినా ప్లగ్గన్నాను, చోకన్నాను. ఇన్నాళ్లూ తాగి అబద్ధాలాడాను. ఈసారి తాగకుండానే ఆడాను.

ట్యాంకులోది మొత్తం వంపేసి కొత్త పెట్రోలు పోస్తే స్టార్టవుతుంది. ఆ తర్వాత నువ్వన్న మాట మీద నిలబడు. నేను అడ్డురాను.

త్రినాథ్

ద్వారకా నగర్, మంగళవారం

ప్రియమైన బావకి,

ఆ నీళ్లు నేను శుక్రవారమే చూశాను. ఊరి నుంచి వచ్చిన వీర్రాజు బోల్టు విప్పి, "ఏటి సెల్లెమ్మా, ఇంజినుకి నీళ్లు తాగించేసినావేటి?" అన్నాడు. గంటలో స్టార్టయింది. ట్యాంకు జోలికి పోవద్దని నువ్వెందుకన్నావో అప్పుడే తెలిసింది. నీకు ఆఖరి ఉత్తరం రాసింది ఆ తర్వాతే. నీ బట్టలు మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టి మరీ రాశాను.

జవాబు రాని రెండు రోజులూ బండి నడుస్తూనే ఉంది. ఎవరికి రసం ఇచ్చానో, ఎవరికి ఇవ్వలేదో నాకే తెలియలేదు. నిన్ను వదులుకోవాలని లేదు బావా. నమ్మే దారే కనపడలేదు.

ఇవాళ గురువమ్మ నీ ఉత్తరం ఇస్తూ, "రాసినంతసేపూ ఏడిసినాడే" అంది. పట్టుబడకుండా నీ అంతట నువ్వు ఒక తప్పు ఒప్పుకోవడం పదకొండేళ్లలో ఇదే మొదటిసారి. మూట విప్పి నీ చొక్కాలు ఉతికి ఆరేశాను. మిగిలిన ఇరవై రోజులూ పూర్తి చేసుకునే రా.

సాయంత్రానికి పడినా, బోణీ బోణీయే.

నీ కుసుమ