రెండో చరణం పాడుతున్న గొంతు

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ దేవుని దయవల్ల అందరం క్షేమం, మీ బావ మోకాలు ఒక్కటి తప్ప. అది ఇప్పుడు మా ఇంట్లో మూడో మనిషి. పొద్దున్నే దాని యోగక్షేమాలు కనుక్కుంటే గాని ఆయన మంచం దిగరు. నువ్వు కూడా ఆ గని దుమ్ములో దగ్గూ జలుబూ లేకుండా ఉన్నావనే అనుకుంటున్నాను. ఆరోగ్యం గురించి అడిగినదానికి రెండు ఉత్తరాల నుంచి నీ జవాబు లేదు, అందుకే గట్టిగా అనలేకపోతున్నాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. కుట్టుమిషను బాగయింది, బెల్టు మార్చాను. పైకప్పు కారడం ఆగింది, కాకపోతే వాన కూడా ఆగింది కాబట్టి మేస్త్రీని ఇప్పుడే పొగడను. నీ గది తాళం నా దగ్గరే ఉంది. మరదలి బట్టలు నువ్వు చెప్పినట్టే కదపలేదు. నెలకోసారి కిటికీ తెరిచి, కాస్త ఎండ తగలనిచ్చి, మళ్లీ మూసేస్తున్నాను.

చర్చి ఎలా ఉందని అడిగావు. కరోనా తగ్గి, తలుపులు తెరిచి ఏడాదిన్నర దాటింది గాని సంఘం ఇంకా తిరిగి రాలేదు. పాస్టరుగారు ఒక పెద్ద కాగితం మీద పరిచర్యలన్నీ రాసి గోడకు అంటించారు: సండే స్కూలు, స్త్రీల కూడిక, రోగుల పరామర్శ, యువకుల ప్రార్థన, ఆరాధన తరవాత టీ, గాయక బృందం. ఎవరు ఏది మోయగలరో దాని పక్కన పేరు రాయమన్నారు. మూడు ఆదివారాలు ఆ కాగితం ముందునుంచి అందరం చెప్పులు చూసుకుంటూ నడిచాం. చివరికి టీ పక్కన ఒక పేరు పడింది, మీ బావది. "నిలబడటం నా వల్ల కాదు గాని, నీళ్లు మరిగేదాకా కూర్చోవడం బాగా వచ్చు" అన్నారు.

పరామర్శకు ఒకప్పుడు ఎనిమిది మందిమి వెళ్లేవాళ్లం. ఇప్పుడు నేనూ, రిటైరైన నర్సమ్మా. తలుపు బెత్తెడు తెరుచుకుంటుంది. "ఫోన్లో వింటున్నాం కదమ్మా, చర్చి మా వంటింట్లోకే వచ్చేసింది, ఇంక మేం రావడం ఎందుకు?" అంటారు. లోపల పాస్టరుగారి ప్రసంగం నడుస్తూనే ఉంటుంది, దాని మీద మిక్సీ కూడా. వస్తే బాగుంటుందని చెప్పి మెట్లు దిగుతాం. "ఇది మన వల్ల కాదులే" అని నర్సమ్మ ప్రతి గుమ్మం దగ్గరా అంటుంది, తరవాతి తలుపు మాత్రం తనే ముందు తడుతుంది.

ఇక గాయక బృందం. నీకు తెలిసిందే అయినా మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పవలసింది ఇందులోనే ఉంది. పద్దెనిమిది మందిమి ఉండేవాళ్లం. తలుపులు తెరిచేనాటికి ఐదుగురం మిగిలాం. మరదలితో కలిపి నలుగురు పోయారు. కొందరు ఇళ్లు మారి వెళ్లిపోయారు, కొందరికి జబ్బు తరవాత పాడే దమ్ము రాలేదు. ఐదుగురం లేచి నిలబడితే సగం పాటకే గొంతులు పలచబడిపోయేవి. అప్పుడు మైకుల దుకాణం ఆయన, పాపం మంచి మనసుతోనే, పాత వార్షికోత్సవంలో రికార్డు చేసిన మన పాట తెచ్చాడు. పాస్టరుగారి నాన్నగారు కట్టిన పాట. రెండో చరణం మరదలు ఒక్కతే పాడింది. అది స్పీకర్లో పెట్టి, దానితో కలిపి మేం పాడేవాళ్లం.

ఆమెను పూడ్చిననాడు సమాధుల తోట గేటు దాటి ఎవరినీ రానివ్వలేదు. నువ్వు లాక్‌డౌన్‌లో గని దగ్గరే చిక్కుకుపోయావు. నేను గేటు బయట నిలబడ్డాను. అందరికీ పాటలు నేర్పేదాన్ని, ఆవేళ ఒక్క ముక్క పాడలేకపోయాను. అందుకే స్పీకర్లో మొదటిసారి ఆ గొంతు వినగానే నీకు ఫోన్ చేసి వినిపించాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం నువ్వు క్యాంటీన్ డాబా ఎక్కి, సిగ్నల్ వెతుక్కుని, ఫోన్లో మన ఆరాధన ప్రసారం పెట్టుకుని, బొమ్మ రాకపోయినా మాట వస్తే చాలని వింటున్నావు. ఆ పాట కోసమే వింటున్నావని నాకు తెలుసు. ప్రసంగం దేని గురించి అని అడిగితే నీళ్లు నములుతావు.

కాని ఆ రికార్డు పెట్టినప్పటినుంచి జనం పాడటం మానేశారు. కళ్లు మూసుకుని వినేవాళ్లు, అయిపోగానే కళ్లు తుడుచుకునేవాళ్లు. బృందంలో చేరతామని వచ్చిన కొత్తవాళ్లు కూడా పెదాలు కదిపి ఊరుకునేవాళ్లు. పెద్దల కూడికలో పాస్టరుగారు నెమ్మదిగా అన్నారు: "అమ్మా, పోయినవాళ్ల చేత పాడించుకుంటూ మనం కూర్చుంటే ఎలా? బతికున్నవాళ్ల నోళ్లు మూతపడిపోతున్నాయి." నేను దెబ్బలాడాను. మా తమ్ముడికి అదొక్కటే మిగిలిందన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. చనిపోయిన వాళ్లమ్మగారి గొంతు కూడా ఆ రికార్డులోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

తమ్ముడూ, ఆ రికార్డు ఆపేసి తొమ్మిది ఆదివారాలైంది. ఫోన్లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ మీ బావ మోకాలి గురించి చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు రెండో చరణం పాడేది బేకరీలో రొట్టెలు సర్దే పిల్ల. మరదలిని ఎన్నడూ చూడలేదు. మొదటి ఆదివారమే నువ్వు పోల్చుకుంటావనుకున్నాను. ఫోన్ చేసి తిడతావని రోజంతా దాన్ని పక్కన పెట్టుకుని గుండీలు కుడుతూ కూర్చున్నాను. నువ్వు చెయ్యలేదు. తరవాత ఈ ఉత్తరం వచ్చింది. "మొన్న ఆదివారం మా ఆవిడ గొంతు ఎంత స్పష్టంగా వినిపించిందో అక్కా! 'ఆదరించువాడా' అనేచోట మాట మధ్యలో ఊపిరి తీసుకుంటుంది చూడు, అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. వచ్చే నెల సెలవుకు వచ్చి ముందు బెంచీలో కూర్చుని వింటాను" అని రాశావు.

ఆ ఊపిరి తప్పు. మాట పూర్తయ్యాక తీసుకోమని పదకొండేళ్లు మరదలి వెంటపడ్డాను. "ఏం చెయ్యను వదినా, పాట మీ కొలతకి కుట్టారు, నా ఊపిరి జానెడు తక్కువ" అని నవ్వేసేది. బేకరీ పిల్లకు స్వరాలు చదవడం రాదు. రొట్టెలు సర్దుతూ ఆ రికార్డు విని విని నేర్చుకుంది. పాటతో పాటు తప్పు కూడా వచ్చేసింది, అదే చోట, అంతే ఊపిరి. నేర్చుకునేటప్పుడే నేను దిద్దాల్సింది. దిద్దలేదు. నీ కోసమని చెప్పుకోవచ్చు గాని అది అబద్ధం. నాకే ఆ ఊపిరి ఇంకోసారి వినాలనిపించింది. తరవాత ఇంకోసారి. నీ దగ్గర దాచింది ఇదే.

మొన్న గురువారం సాధనలో ఎలాగైనా దిద్దాలని నిలబడ్డాను. ఆ మాట దగ్గరకు రాగానే ఆపుదామని చెయ్యెత్తాను. ఆ పిల్లే ఆగి, "అక్కా, ఇక్కడ నేనేమైనా తప్పు పాడుతున్నానా? మీరు ప్రతిసారీ ఇక్కడికొచ్చేసరికి కిటికీ వైపు తిరిగిపోతారు" అంది. "లేదమ్మా, బాగుంది, పాడు" అన్నాను. ఇప్పుడు ఆమె వెనక కొత్తవాళ్లు నలుగురు నిలబడి, ఆమెను చూసి, వాళ్లూ అక్కడే ఊపిరి తీసుకుంటున్నారు. జనం కూడా పాడుతున్నారురా. పోయిన ఆదివారం చివరి బెంచీ దాకా పాడారు. పాస్టరుగారు ఆనందం పట్టలేక నా చెయ్యి పట్టుకున్నారు. నాకు సంతోషించడం చేతకాలేదు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. దిద్దితే మరదలి ఆనవాలు ఆ పాటలోంచి కూడా పోతుంది. దిద్దకపోతే ముక్కూమొహం తెలియని పిల్ల ఊపిరికి నువ్వు డాబా మీద ఏడుస్తావు, నేను తెలిసీ ఏడవనిస్తాను. ప్రార్థన చేశాను. నాకు ఏ దారీ కనబడలేదు. రికార్డు మైకుల ఆయన దగ్గర భద్రంగా ఉంది, నువ్వు రాగానే ఇంట్లో పెట్టుకుని ఎన్నిసార్లయినా విను. చర్చిలో మాత్రం మళ్లీ పెట్టించలేను.

వచ్చే నెల రా. ముందు బెంచీలోనే కూర్చో. ఆ పిల్ల పాడుతున్నప్పుడు కళ్లు మూసుకోకు, ఆమె ముఖం చూడు. ఆమె పిరికిది, నువ్వు ఏడిస్తే తానేం పాపం చేసిందోనని జడుసుకుంటుంది. నన్ను ఎన్ని తిట్టాలన్నా ఇంటికి వచ్చాక తిట్టు, పడతాను.

నోటితో చెప్పలేనని తేలిపోయింది కాబట్టి ఇలా రాశాను. ఇది నిన్ను చేరడానికి పన్నెండు రోజులు పడుతుంది. మధ్యలో రెండు ఆదివారాలున్నాయి. ఆ రెండు ఆదివారాలూ నువ్వు నీ భార్య పాడుతోందనే వింటావు. నువ్వు వింటున్నావని తెలిసి కూడా నేను బృందం ముందు నిలబడి తాళం వేస్తూ ఉంటాను.

ఇట్లు,
నిన్ను ఓదార్చడం చేతకాని
నీ పెద్దక్క